అడగకుండా వచ్చే గిన్నె

2013 చివర్లో, టోక్యోకు ఉద్యోగానికి వచ్చిన మూడో వారంలో, మా ఆఫీసులో పనిచేసే ఇద్దరు తెలుగువాళ్లతో కలిసి నిషి కసాయ్ స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఇజకాయకు, అంటే తాగుతూ చిన్న చిన్న వంటకాలు తినే జపాన్ దుకాణానికి, వెళ్లాను. గుమ్మం పక్కన ఎర్ర కాగితపు లాంతరు వెలుగుతోంది, గుమ్మానికి నీలం గుడ్డతెర వేలాడుతోంది, లోపల పదిమందికి మించి పట్టని చెక్కబల్ల ఒకటి ఉంది. కూర్చోగానే చేతులు తుడుచుకోవడానికి వేడి తువ్వాళ్లు ఇచ్చారు, ఆ వెంటనే మేము నోరు విప్పకముందే ముగ్గురి ముందూ మూడు చిన్న గిన్నెలు పెట్టారు. ఉడికించిన ఆకుకూర మీద నెత్తళ్ల కంటే చిన్నవైన ఎండుచేపలు చల్లి ఉన్నాయి. మాలో ఒకాయన శాకాహారి కావడంతో దాన్ని ముట్టుకోనేలేదు. చివర్లో బిల్లు చూస్తే ఆ గిన్నెలకు మనిషికి 400 యెన్ల చొప్పున 1,200 యెన్లు వేసి ఉన్నాయి. అడగని దానికి, అందులోనూ తినని దానికి డబ్బు ఎలా తీసుకుంటారని మాకు వచ్చిన నాలుగు జపనీస్ మాటలతో వాదించాము. యజమాని తల వంచి క్షమించమని అంటూనే ఉన్నాడు గాని బిల్లు మాత్రం మార్చలేదు.

ఆ గిన్నెను ఒతోషి అంటారు. ఒసాకా వైపు త్సుకిదషి అంటారు. ఆ రాత్రి మాకు వచ్చిన కోపంలో న్యాయం ఉందని ఇప్పటికీ అనుకుంటాను, ఎందుకంటే ముందుగా చెప్పకుండా వసూలు చేసే ఏ రుసుమైనా కొత్తగా వచ్చిన మనిషిని నొప్పిస్తుంది. అయితే ఆ రుసుము దేనికోసమో మాకు అప్పుడు తెలియలేదు. దాన్ని మేము ఆకుకూర ధరగా లెక్కపెట్టాము, అందుకే అది దోపిడీలా కనిపించింది. ఈ ఊళ్లో ఇన్నేళ్లు ఉండి, చుక్క మద్యం ముట్టకుండానే ఎన్నో సాయంత్రాలు ఇజకాయల్లో గడిపిన తరువాత, ఆ 400 యెన్లు నేను కూర్చున్న చోటుకు కట్టినవని, ఆ దుకాణం ప్రధానంగా అమ్మేది ఆ చోటునేనని, తిండీ తాగుడూ కూర్చోవడానికి ఆసరాగా వచ్చేవేనని గట్టిగా నమ్ముతున్నాను. ఈ సంగతి పట్టించుకోకుండా చిన్న పళ్లేలను మాత్రం అనుకరించే హోటళ్లు ఇప్పుడు ఎక్కడపడితే అక్కడ వస్తున్నాయి కాబట్టి ఇది కాస్త వివరంగా రాయాలనిపించింది.

ఈ అర్థం ఇజకాయ అనే మాటలోనే ఉంది. సకయ అంటే సాకే, అంటే బియ్యంతో చేసే మద్యం, అమ్మే దుకాణం. దాని ముందున్న ‘ఇ’ ఉండడం, కూర్చోవడం అనే అర్థమున్న అక్షరం. మొదట్లో జనం సొంత పాత్ర తెచ్చుకుని, సాకేను కొలిపించుకుని ఇంటికి పట్టుకుపోయేవారు. కొన్ని దుకాణాలు అక్కడే నిలబడో కూర్చునో తాగి వెళ్లడానికి ఒప్పుకున్నాయి, పక్కన నంజుకోవడానికి ఏదో ఒకటి పెట్టడం మొదలుపెట్టాయి. టోక్యోలోని కందా ప్రాంతంలో 1596లో మొదలైన తొషిమాయా అనే సాకే దుకాణం, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద పూసి కాల్చిన తోఫును, అంటే సోయా పన్నీరును, సాకేతో పాటు అమ్మి ఊరంతా పేరు తెచ్చుకుంది. 1811లో ఎడోలో, అంటే ఆనాటి టోక్యోలో, తిండి దుకాణాలను లెక్కిస్తే అందులో ఇజకాయలే 1,808 తేలాయి. సుమారు పది లక్షల జనాభా ఉన్న ఊరికి అది చాలా పెద్ద సంఖ్య. దానికి కారణం కూడా స్పష్టమే. ఎడో ప్రధానంగా ఒంటరి మగవాళ్ల ఊరు. పల్లెల నుంచి పనికోసం వచ్చిన కూలీలు, వడ్రంగులు, తమ ప్రభువు వెంట రాజధానిలో ఉండవలసి వచ్చి భార్యాపిల్లల్ని స్వస్థలంలో వదిలి వచ్చిన సమురాయ్‌లు అక్కడ నిండి ఉండేవారు. పొద్దుగూకాక వాళ్లకు ఎవరి గడపా లేదు. ఇజకాయ గడపే వాళ్ల గడప అయింది. ఆనాటి కట్టడం ఎలా ఉంటుందో చూడాలనుకునే వారికి 1856లో కట్టిన కాగియా అనే ఇజకాయను విప్పి తీసుకువచ్చి కొగనేయ్‌లోని ఆరుబయలు మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఖాళీ బల్లల మధ్య నిలబడినప్పుడు, వంటకు కేటాయించిన జాగా కంటే కూర్చోవడానికి కేటాయించిన జాగా ఎంత ఎక్కువో చూసి ఆశ్చర్యపోయాను.

సాకే దుకాణంలోనే ఓ మూల నిలబడి తాగే పద్ధతి ఇప్పటికీ ఉంది, దాన్ని కకు-ఉచి అంటారు. ఉక్కు కార్మికుల ఊరైన కితక్యూషు దానికి ప్రసిద్ధి. ఇది చదువుతున్న తెలంగాణ పాఠకులకు వెంటనే వైన్ షాపుకు ఆనించి ఉండే పర్మిట్ రూమ్ గుర్తుకు వచ్చి ఉంటుంది, అది సరైన పోలికే. రెండూ ఒకే చోట పుట్టాయి: సీసా అమ్మే దుకాణం, అక్కడే తాగాలనుకునే మనిషి, మధ్యలో కొంచెం జాగా. కాని మన దగ్గర ఆ జాగా జాగాగానే మిగిలిపోయింది. ప్లాస్టిక్ కుర్చీ, ప్లాస్టిక్ గ్లాసు, ఉడికించిన గుడ్డు, పల్లీల పొట్లం, తొందరగా ముగించి లేచిపోయే మనుషులు తప్ప అక్కడ ఇంకేమీ ఎదగలేదు. ఆడవాళ్లు అటువైపు చూడరు, తాగనివాడికి అక్కడ పనే లేదు. ఎడోలో కూడా ఇజకాయ మొదట ఇలాంటిదే, అక్కడికి ఎక్కువగా వెళ్లేది కూలీలూ బండివాళ్లూ. అయినా కూర్చునే చోటుకు ఎవరో ఒకరు రోజూ తుడిచి, దీపం పెట్టి, వచ్చిన మనిషిని పలకరించి, ఒక గిన్నె ముందుపెట్టి దానికి విలువ కట్టడం వల్ల అది రెండు వందల ఏళ్లలో ముసలివాళ్లూ, ఆడవాళ్లూ, చిన్నపిల్లల్ని వెంటబెట్టుకున్న దంపతులూ వచ్చి కూర్చునే చోటుగా మారింది.

ఒతోషిని సమర్థించడానికి నా దగ్గర ఇంతకంటే సూటి కారణాలు కూడా ఉన్నాయి. పది కుర్చీల దుకాణంలో వండేది ఒక్కరు, అందించేది మహా అయితే మరొకరు. ఒక మనిషి వచ్చి రెండు గ్లాసులు, మూడు పళ్లేలు తీసుకుని మూడు గంటలు కూర్చుంటే ఆ కుర్చీ అద్దె ఎక్కడి నుంచి రావాలి? ఈ దేశంలో టిప్పు ఇచ్చే అలవాటు లేదు, బల్ల మీద చిల్లర వదిలి వస్తే వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగి ఇస్తారు. మన దేశంలో హోటళ్లు బిల్లులో సర్వీస్ చార్జి దానంతట అదే కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశించింది, 2025లో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని సమర్థించింది. ఆ తీర్పు నాకు సబబుగానే తోచింది, ఎందుకంటే సర్వీస్ చార్జి బిల్లుతో పాటు పెరుగుతుంది, దానికి బదులుగా చేతికి వచ్చేదేమీ ఉండదు. ఒతోషి అలా కాదు. ఎంత ఎక్కువ తిన్నా ఎంత తక్కువ తిన్నా మనిషికి ఒకటే మొత్తం, దానికి తోడు ఆ పూట వండిన ఏదో ఒక పదార్థం. గ్లాసు రెండు నిమిషాల్లో వస్తుంది, పొయ్యి మీద నుంచి మొదటి పళ్లెం రావడానికి పావుగంట పడుతుంది. ఆ మధ్యకాలంలో ఖాళీ కడుపున తాగకుండా మనిషిని ఆపేది ఆ గిన్నే. వంటవాడి పనితనం తెలుసుకోవడానికి కూడా అదే దారి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టు, ఒతోషిలో వచ్చిన బంగాళదుంప సలాడ్‌నో దాషి అనే చేప రసంలో ఉడికించిన ముల్లంగి ముక్కనో నోట్లో పెట్టుకుంటే మిగతా వంటకాల మీద ఎంత నమ్మకం ఉంచవచ్చో తెలిసిపోతుంది.

అయితే ఆ రుసుమును గోడ మీద రాసి పెట్టని దుకాణాలను నేను సమర్థించను. టోక్యోలో రాత్రి వినోదాలకు పేరుపడ్డ కబుకిచో లాంటి చోట్ల దారిలో వెంటపడి పిలిచే మనుషుల మాట నమ్మి లోపలికి వెళ్లిన వాళ్లకు కుర్చీకి ఇంత, వారాంతానికి ఇంత అని లెక్కలు చెప్పి పదింతలు గుంజడం నిజంగా జరుగుతుంది. ఒతోషి పేరు చెడగొట్టేది అలాంటి వాళ్లే.

ఇక పళ్లేల సంగతికి వస్తాను. మనం విస్తరి ముందు కూర్చుంటే పప్పు, కూర, పచ్చడి, పులుసు అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకు వస్తాయి, అదంతా నా ఒక్కదానిదే, ఏది ముందు కలుపుకోవాలో నా ఇష్టం. ఇజకాయలో ఏదీ నా ఒక్కదానిది కాదు, ఏదీ ఒక్కసారే రాదు. మొదట వేడినీళ్లలో ఉడికించి ఉప్పు చల్లిన ఎడమామె అనే పచ్చి సోయా కాయలు, చల్లని తోఫు లాంటివి చెబుతారు. అవి తింటూ ఉండగా పచ్చిచేప ముక్కలో సలాడో, తరువాత కాల్చినవి, ఆ పైన వేయించినవి, చివరికి ఇక లేద్దామనుకున్నప్పుడు కడుపు నింపడానికి అన్నపు ముద్దో, టీ పోసిన అన్నమో తెప్పించుకుంటారు. ఆ చివరిదాన్ని షిమే అంటారు, ముగింపు అని అర్థం. ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఇవన్నీ మొదటే చెప్పరు. ఒకటి తిన్నాక దాని రుచి, మాట్లాడుకుంటున్న విషయం, పక్కవాళ్ల బల్ల మీదకు వచ్చిన పళ్లెం, వంటవాడు ఇవాళ బాగుందని చెప్పిన చేప, వీటిని బట్టి తరువాతిది చెబుతారు. పళ్లెం చిన్నదిగా ఉండేది ఇందుకే. మాట ఆగినప్పుడల్లా ఒక కొత్త వస్తువు బల్ల మీదకు వచ్చి మళ్లీ మాట కలుపుతుంది.

యాకితోరి, అంటే పుల్లకు గుచ్చిన కోడి ముక్కలు, కాల్చే బల్లకు ఎదురుగా కూర్చుంటే ఈ నెమ్మది ఎంత పనితనంతో వస్తుందో తెలుస్తుంది. మేము వెళ్లే చోట పొయ్యి మూరెడు పొడవు, జానెడు వెడల్పు ఉంటుంది. అందులో వేసేది వకయామా ప్రాంతపు బించోతాన్ బొగ్గు. గట్టి సింధూరజాతి కర్రతో చేసే ఆ బొగ్గును ఒకదానితో ఒకటి తట్టితే ఇనుప కడ్డీల్లా ఖంగుమంటుంది, మంటా పొగా దాదాపు లేకుండా గంటల తరబడి ఒకే వేడిని ఇస్తుంది. కోడి తొడ ముక్క, ఉల్లికాడ ముక్క మార్చి మార్చి గుచ్చిన పుల్లను వంటవాడు ఆ నిప్పు మీద పెట్టి, ఉప్పు కావాలా తీపి సోయా సాస్ కావాలా అని అడుగుతాడు. నేను ఉప్పు అంటాను. ఆయన చేతిని జానెడు పైకెత్తి మూడు వేళ్లతో ఉప్పు వదులుతాడు, అది అంతటా సమంగా రాలుతుంది. కొవ్వు కరిగి ఒక చుక్క నిప్పు మీద పడి పొగ లేస్తే పుల్లను పక్కకు జరిపి విసనకర్రతో రెండుసార్లు విసురుతాడు. అలా ఏడెనిమిది సార్లు తిప్పాక, పళ్లెంలో రెండే రెండు పుల్లలు నా ముందుకు వస్తాయి. అవి పది వచ్చి ఉంటే ఎనిమిది చల్లారిపోయేవి.

ఒకే పళ్లెంలోంచి నలుగురు తినడం అనగానే మనవాళ్లకు ఎంగిలి అనే మాట గుర్తుకొస్తుంది. జపనీయులకు ఇలాంటి పట్టింపు లేదని మొదట్లో నేను కూడా అనుకున్నాను, అది పొరపాటు. చాలా ఇళ్లలో ఎవరి చాప్‌స్టిక్స్ వాళ్లవి, ఎవరి అన్నం గిన్నె వాళ్లది; తండ్రి పుల్లలతో కొడుకు తినడు. బల్ల మీద పంచుకునేటప్పుడు పక్కన మరో జత పుల్లలు పెట్టి వాటితోనే తీసుకుని, ఎవరి ముందున్న చిన్న పళ్లెంలో వాళ్లు వేసుకుని తింటారు. నోట్లో పెట్టుకున్న పుల్లలతో నేరుగా ఉమ్మడి పళ్లెంలోంచి తీయడాన్ని జికబషి అని, తప్పు అని అంటారు. ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు ముక్క అందించడం మరీ పెద్ద తప్పు, ఎందుకంటే దహనం తరువాత అస్థికలను ఏరేటప్పుడు అలా చేస్తారు. కాబట్టి ఇజకాయలో పంచుకోవడం అంటే అడ్డూ ఆపూ లేకుండా కలబడి తినడం కాదు. దగ్గరి స్నేహితులైతే చనువుకొద్దీ ఆ నియమాన్ని సడలిస్తారు, ఆఫీసు పెద్దల ముందు పాటిస్తారు, కొత్తవాళ్ల దగ్గర పుల్లలు పట్టుకుని ఒక క్షణం ఆగి చూస్తారు. ఆ క్షణం ఆగడంలో మా అమ్మమ్మ పచ్చడి జాడీలో తడి గరిటె పెట్టనివ్వని జాగ్రత్తే నాకు కనిపిస్తుంది.

తాగని దానిగా నాకు ఇక్కడ ఎదురైన అసలు ఇబ్బంది వేరు. బల్ల దగ్గర ఎవరూ ఎప్పుడూ బలవంతపెట్టలేదు. ఊలాంగ్ టీ కూడా బీరు పోసే పెద్ద గ్లాసులోనే వస్తుంది, అందరితో కలిసి దాన్నే పైకెత్తి కంపయ్ అంటాను. కాని ఆఫీసు విందుల్లో ఖర్చును తలా సమంగా పంచుతారు. నాలుగు గ్లాసుల సాకే తాగిన వాడూ నేనూ ఒకటే కట్టాలి. శాకాహారి అయిన నా సహోద్యోగి ఐదు వేల యెన్లు కట్టి ఎడమామె, దోసకాయ, వేయించిన బంగాళదుంపలు తిని ఇంటికి వెళ్లి పెరుగన్నం కలుపుకున్న రోజులు ఉన్నాయి. దాషి రసంలో ఎండబెట్టిన బొనీటో చేప ఉంటుంది కాబట్టి చూడటానికి కూరగాయలా కనిపించేవి కూడా ఆయనకు పనికిరావు. దీని గురించి నేను మా బృందంలో మూడుసార్లు గట్టిగా మాట్లాడిన తరువాత తాగని వాళ్లకు తక్కువ వంతు వేయడం మొదలైంది. కూర్చునే చోటుకు అందరూ సమంగా కట్టాలి, తాగినదానికి తాగినవాళ్లే కట్టాలి అన్నది నా వాదన; ఒతోషి లెక్క కూడా సరిగ్గా అదే.

గొలుసు దుకాణాలను తిట్టడం ఇక్కడ పెద్దవాళ్లకు అలవాటు, నేను వాళ్లతో ఏకీభవించను. 1973లో సప్పోరోలో ఎనిమిది త్సుబోల (త్సుబో జపాన్‌లో స్థలం కొలత) చిన్న గదిలో మొదలై, ఆ ఎనిమిదినే పేరులో పెట్టుకున్న త్సుబోహచి, 1985లో ఒసాకా దగ్గర మొదలై అన్ని పళ్లేలకూ ఒకే ధర పెట్టిన తొరికిజోకు లాంటివి రాకపోతే విద్యార్థులూ, ఆడవాళ్లూ, నాలాంటి విదేశీయులూ ఈ గడప ఇంత ధైర్యంగా దాటగలిగేవారు కాదు. తొరికిజోకు 28 ఏళ్ల పాటు 280 యెన్ల ధరను కదపకుండా నిలిపి 2017లో మొదటిసారి 298 చేసింది. నా అభ్యంతరమల్లా ఈ మధ్య అంతటా వ్యాపించిన రెండు గంటల గడువు మీద. కూర్చోగానే ఎన్ని గంటలకు లేవాలో చెబుతారు, మాటకు బదులు తెర మీద వేలితో నొక్కి తెప్పించుకోవాలి, అడ్డులేకుండా తాగే పద్ధతి తీసుకుంటే గడువులోగా ఎన్ని గ్లాసులు ఖాళీ చేయగలమన్నదే ధ్యాస అవుతుంది. మనిషిని తొందరపెట్టి లేపేటప్పుడు కూడా ఒతోషి వసూలు చేయడం నాకు నచ్చదు. చోటుకు డబ్బు తీసుకున్నవాడు చోటు ఇవ్వాలి.

2021 ఏప్రిల్ 25న టోక్యోలో మూడోసారి అత్యవసర పరిస్థితి మొదలైనప్పుడు మద్యం అమ్మే చోట్లను మూసివేయమని కోరారు. మా వీధి ఇజకాయ యజమానురాలు గుమ్మం బయట మడతబల్ల వేసి మధ్యాహ్నం పూట డబ్బాల్లో భోజనం అమ్మింది. అదే కోడి వేపుడు, అదే బంగాళదుంప సలాడ్, అదే చేయి. వారానికి రెండుసార్లు కొనుక్కుని ఇంటికి తెచ్చుకుని తిన్నాను. రుచిలో ఏ లోటూ లేదు, అయినా నాకు ఇజకాయకు వెళ్లినట్టు ఒక్కరోజూ అనిపించలేదు. ఆమె కూడా ఆ డబ్బాల మీద ఒతోషి రుసుము వేయలేదు.

సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు ఇజకాయ తరహా అని బోర్డు పెట్టిన ఒక హోటల్‌కు బంధువులతో వెళ్లాను. కావలసినవన్నీ ఒకేసారి చెప్పమన్నారు. పదిహేను నిమిషాల్లో పదకొండు పళ్లేలు వచ్చి బల్ల నిండిపోయింది. ప్రతి పళ్లెంలో నలుగురికి సరిపడని మూడేసి ముక్కలు ఉన్నాయి, వాటి ధర మాత్రం నిండు భోజనం ధర. తినడం ఆగగానే పళ్లేలు తీసేసి బిల్లు తెచ్చారు. చేప బాగుంది, మిసో బాగుంది, వంటవాళ్లు పని నేర్చినవాళ్లేనని తెలుస్తూనే ఉంది. కాని పళ్లేన్ని చిన్నది చేసి, కాలాన్ని కూడా చిన్నది చేశారు.

పోయిన ఏప్రిల్‌లో మా అమ్మ తెనాలి నుంచి వచ్చి నెలరోజులు నా దగ్గర ఉంది. నేను సాయంత్రాలు ఎక్కడికి వెళుతుంటానో చూపించాలని ఆ వీధి చివరి ఇజకాయకు తీసుకువెళ్లాను. గుమ్మం దగ్గర వరుసగా పేర్చిన సాకే సీసాలు చూసి, “ఏమే, బ్రాందీ షాపుకు తీసుకొచ్చావా నన్ను?” అంది. లోపల పక్క బల్ల దగ్గర డెబ్బై ఏళ్ల ఆవిడ ఒకరు ఒంటరిగా కూర్చుని కాల్చిన చేప తింటూ ఉండటం చూశాక కుదుటపడి కూర్చుంది. ఒతోషి గిన్నెలు వచ్చినప్పుడు మా అమ్మ చేప తినదని చెప్పాను. యజమానురాలు ఒక్క క్షణం ఆలోచించి గిన్నె వెనక్కి తీసుకుని, దోసకాయను చపాతీ కర్రతో చిదిమినట్టు చిదిమి, ఉప్పూ నువ్వులూ నువ్వుల నూనే కలిపి తెచ్చింది. తరువాత నూనెలో మగ్గించిన వంకాయ చెక్కలకు మిసో పూసి కాల్చి ఇచ్చింది, ఆ మిసోలో దాషి కలపలేదని చెయ్యి ఊపి మరీ చెప్పింది. అమ్మ ఒక్కొక్క పళ్లేన్నీ దగ్గరకు లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇవేంటే, లక్కపిడతల్లా ఉన్నాయి. గుజ్జనగూళ్లు ఆడుకుంటున్నట్టుంది,” అంది. ఆ మాటకు జపనీస్‌లో అర్థం చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. యజమానురాలికి అర్థమయ్యాక లోపలికి వెళ్లి, తన చిన్నప్పటిదని చెబుతూ అరచేతిలో పట్టే మట్టి టీపాత్ర ఒకటి తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. పక్క బల్ల ఆవిడ కూడా మా వైపు కుర్చీ జరుపుకుంది. నేను దుబాసీగా అలసిపోయి ఊరుకున్నాక కూడా ముగ్గురూ చేతులతో, తలలతో మాట్లాడుకుంటూనే ఉన్నారు.

బిల్లులో ఇద్దరికి ఒతోషి 600 యెన్లు ఉంది. మెట్లు దిగుతూ అమ్మ, “ఆ దోసకాయ ముక్కలకా?” అని అడిగింది. కూర్చున్నందుకు అని చెప్పాను. అమ్మ చేతి గడియారం చూసుకుంది. ఏడింటికి వెళ్లాము, పదిన్నర కావస్తోంది. “వచ్చే శనివారం ఆవిడ మళ్లీ వస్తానంది,” అని మాత్రం అని, వెనక్కి తిరిగి, గుడ్డతెర బయట నిలబడి ఇంకా తల వంచుతూనే ఉన్న యజమానురాలికి రెండు చేతులూ జోడించింది.